అశ్వత్థామవిమోచనము – దండవిచారము

శ్రీమదాంధ్రమహాభాగవత ప్రథమస్కంధములోని యశ్వత్థామవృత్తాంతము తెలుఁగు పాఠశాలలలోఁ దఱచుగాఁ జెప్పఁబడు భాగములలో నొకటి. నిద్రించుచున్న యుపపాండవులను జంపిన ద్రోణపుత్త్రుని నర్జునుఁడు పట్టి తెచ్చుటయు, ద్రౌపది వానిని విడిపించుటయు నిందలి విషయము. ఉపాధ్యాయులు దీనికి ద్రౌపదీక్షమ యని పేరు పెట్టుదురు. ఆమె యౌదార్యమును గొనియాడుదురు. పద్యములకుఁ బ్రతిపదార్థము చెప్పించి ముగింతురు. ఆ ముగింపు పాఠమునకే కాని కథకుఁ గాదు. విడువఁబడిన హంతకుఁడు తరువాత నేమి చేసెనో పోతన దాఁచలేదు. విడువుమనుటకు ముందు ద్రౌపది యా హంతకునితో నేమి పలికెనో దానిని దాఁచలేదు. ఈ రెంటిని విడిచి నడుమనున్న క్షమను మాత్రము గైకొనుట గ్రంథమునకును, దానిని జదువు బాలురకును గూడ నన్యాయము.

ఇది పండితగోష్ఠితోఁ దీఱిపోవు సంగతి యైనచో నింతగాఁ జెప్పఁ బనిలేదు. లోకమెల్ల నెఱిఁగిన హత్యలు చేసి శిక్షపొందినవారిని జెఱనుండి యెన్నఁడైన విడువవచ్చునా యను ప్రశ్న తెలుఁగువారి యింటిగడపకే వచ్చియున్నది. మహబూబునగరు మండలమువాఁడును, బీహారురాష్ట్రమున గోపాలగంజి జిల్లాధికారియు నగు జి. కృష్ణయ్యగారిని 1994 డిసెంబరు 5వ తేదీని ముజఫరుపురము చెంత నొక శవయాత్రలోని మూఁక చంపినది. ఆ మూఁకను బురికొల్పెనని, నాఁడు శాసనసభ్యుఁడుగా నుండిన ఆనందమోహనునకు 2007లో విచారణన్యాయస్థానము మరణదండన విధించెను. 2008లోఁ బాట్నా యున్నతన్యాయస్థానము దానిని యావజ్జీవకారాగారముగా మార్చెను. 2012లో సుప్రీముకోర్టు దానిని స్థిరపఱచెను. 2023 ఏప్రిలు 10వ తేదీని బీహారు ప్రభుత్వము చెఱసాల నిబంధనలనుండి కొన్ని మాటలను దీసివేసెను. విధినిర్వహణమందున్న ప్రభుత్వోద్యోగిని జంపినవానికి ముందువిడుదలను గాదను మాట లవి. ఆ నెల 27వ తేదీని దోషి చెఱ వెడలెను. కృష్ణయ్యగారి భార్య సుప్రీముకోర్టునందు మొఱవెట్టుకొనెను. ఆ మాటలు తీసివేయుటకు ముందామె పలుకు వినవలయునను విధి యేదియు లేకుండెను.

ఇఁక శబ్దవిచారము. వార్తాపత్రికలు పెరోలు, శిక్షతగ్గింపు, క్షమాభిక్ష యను మూఁటిని నొకదానిచోట నొకటి వాడుచున్నవి. పెరోలు ఫ్రెంచిపదము, మాట యని దాని యర్థము. తిరిగి వచ్చెదనని మాట యిచ్చిన ఖైదీ కొన్నిదినములు వెలికిఁ బోవును. శిక్ష యట్లే నిలిచియుండును. ఇంగ్లండు మొదలగు దేశములలో నియమములకు లోఁబడి గడువునకు ముందుగా విడుదల పొందుటకును నీ పేరే చెల్లును. మనదేశమున నట్టి విడుదలకు శిక్షతగ్గింపే త్రోవ. యావజ్జీవమనఁగా జీవితాంతమే యని 1961లో గోపాల గోడ్సే వ్యాజ్యెమున సుప్రీముకోర్టు తేల్చెను. లోకులు తలఁచునట్లు పదునాలుగేండ్లకుఁ దనంతఁ దీఱిపోవునది కాదు. మరణదండనకుఁ దగిన నేరమునకు యావజ్జీవము పడినవాఁడు పదునాలుగేండ్లు చెఱలో నుండినఁ గాని తగ్గింపునకుఁ బాత్రుఁడు కాఁడని 1978లో నేర్పడిన నియమము, 2024 జూలై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షాసంహిత 475వ విభాగమందును నిలిచినది. రాజ్యాంగము 72, 161 అధికరణములచే రాష్ట్రపతికిని గవర్నరునకును ఇచ్చిన యధికారమున కీ నియమ మడ్డు రాదు. ఆ యధికారమునకే పత్రికలవారు క్షమాభిక్ష యని పేరిడిరి.

ఈ సమాసము సాధువే కాని యర్థమునకుఁ జాలదు. క్షమించుట యను క్రియకుఁ గర్త యపకారము పొందినవాఁడు. రాజు దండమును మానవచ్చును, తగ్గింపవచ్చును, వాయిదా వేయవచ్చును. చచ్చినవాని తల్లి కడుపులోని కోపమును దాను మానలేఁడు. కావున రాజు చేయునది దండవిమోచనము, క్షమ కాదు. ఈ భేదము మనసునం దుంచుకొని భాగవతకథను జూచినచో, అందు దండధరుఁడు వేఱు, క్షమించునది వేఱు, ఇరువురు నొకచోటనే నిలిచియుండుట కానవచ్చును.

సంస్కృతభాగవతమున ద్రౌపది మాటలు కొలఁది. పశువువలెఁ ద్రాటఁ గట్టఁబడి తలవంచి నిలిచిన గురుపుత్త్రునకు మ్రొక్కి, వీనిని విడువుఁడు, విడువుఁడు. ద్రోణుఁడే పుత్త్రరూపమున నున్నాఁడు. వీని తల్లి గౌతమి పతివెంటఁ బోక కొడుకుకొఱకు బ్రదికియున్నది. బిడ్డలు చచ్చి నేనేడ్చునట్లామె యేడువకుండుఁగాక యని భర్తలతోఁ బలుకును. హంతకునితో నామె యొక్క మాటయు నాడదు. పోతన యిచ్చట మూలమును దాఁటెను. అతని ద్రౌపది ముందుగా నశ్వత్థామతోనే మాటాడును. నీ తండ్రియొద్ద మా మగవారెల్ల విద్య నేర్చిరి గదా, శిష్యుని బిడ్డలను దునుముట పాడియా యని యడుగును. వారు కోపముతో నీమీఁదికి రాలేదు, ఆయుధములు పట్టలేదు, యుద్ధభూమిలో లేరు, నీ కెగ్గు చేయలేదు. నిదురించు పసివాండ్రను జీఁకటిలోఁ జంపుటకుఁ జేతులెట్లాడె నని యడుగును. ఇన్ని యడిగియు వానిని దండ్రీ యనియే పిలుచును. అటుపిమ్మటనే వాని తల్లి దుఃఖమును దలఁచును. ఆ పిమ్మటనే యర్జునునివంకఁ దిరిగి విడువుమనును.

ఈ క్రమము ముఖ్యము. దీనిని గేవల కరుణరసపోషణ మనిన నల్పముగాఁ జెప్పినట్లగును. ద్రౌపది యడిగిన ప్రతి ప్రశ్నయు నొక యభియోగము: నిరాయుధులు, నిరపరాధులు, బాలురు, సుప్తులు. ధర్మజ్ఞుఁ డెవ్వరిని జంపరాదని కృష్ణుఁ డంతకుముం దర్జునునకుఁ జెప్పెనో, ఆ పట్టికలోని వారినే యామె పేరుపేరునఁ జూపుచున్నది. నేరము తక్కువదని యామె యనదు, మఱచితిననదు. హంతకుఁ డెదురుగా నిలిచి, చేసినదానిని జచ్చినవారి తల్లి నోట విన్నపిదపనే విడుదల మాట వచ్చినది. అశ్వత్థామ యేమియు బదులు చెప్పఁడు. పోతన వానినోట నొక్క పశ్చాత్తాపవాక్యము నైన నుంచకపోవుట యాదరింపఁదగిన నిగ్రహము.

నేఁటి న్యాయశాస్త్రము దీనిలో సగమును గ్రహించినది. ముందువిడుదల చేయునపుడు చూడవలసిన సంగతులను సుప్రీముకోర్టు 2000లో లక్ష్మణ నస్కరు వ్యాజ్యెమున నైదింటిని జెప్పెను. నేరము సంఘమునకెల్లఁ దగులునదియా, ఒక వ్యక్తితో ముగియునదియా. మరల జరుగునను భయము గలదా. నేరము చేయు సామర్థ్యము దోషియందుఁ దీఱినదా. ఇంకను జెఱలో నుంచుటవలన ఫలమేమి. దోషి కుటుంబముయొక్క స్థితి యెట్టిది. కడపటిది కృపికొఱకు ద్రౌపది పలికిన మాటయే. దోషిని గన్నతల్లికిఁ జోటు దొరకినది. చచ్చినవారిని గన్నతల్లికో? ఆ యైదింటిలో నామె లేదు. పోతన పద్యములలో మొదటి సగము పోయి రెండవ సగము మాత్రము మిగిలినట్లున్నది. పాఠశాలలో జరుగుచున్నదియు నదియే.

ద్రౌపది చెప్పిన హేతువు లన్నియు నొక్కతూకమున నిలుచునవి కావని యొప్పుకొనవలయును. వాఁడు బ్రాహ్మణుఁడు, గురుపుత్త్రుఁడు అనునది యొక హేతువు. వానికిఁ దల్లి గలదనునది మఱియొకటి. మొదటిదానిని భీముఁడు నిలువనీయలేదు. మూలములోని భీముఁడు, వీఁడు రాజుకొఱకుఁ గాదు, తనకొఱకుఁ గాదు, ఊరక శిశువులను జంపెను, చంపుటయే మే లనును. పోతన భీముఁ డింతటితో నాఁగక, వీఁడు బ్రాహ్మణుఁడా యని ప్రశ్నించును, ద్రౌపదిని వెఱ్ఱిదనును, మీరు చంపకున్న నా పిడికిటఁ దల పగులఁగొట్టెద ననును. కృష్ణుఁడును వానిని బ్రహ్మబంధువనియే పిలిచియున్నాఁడు. బ్రాహ్మణులు చుట్టములుగాఁ గలవాఁడే కాని బ్రాహ్మణుఁడు కాఁడని యా మాటలోని యధిక్షేపము. కులమును జూపి దండము తప్పించుకొనుటను గవియే ప్రశ్నింపించుచుండఁగా, ఆ హేతువునే మిగుల మెచ్చి వ్రాసిన టీకలను బట్టి పాఠము చెప్పుట తగదు. ఆంధ్రప్రదేశమున నొక పక్షమువాఁడగు దోషికి గవర్నరు చేసిన శిక్షతగ్గింపును సుప్రీముకోర్టు 2006 అక్టోబరు 11వ తేదీని ఏపూరు సుధాకరు వ్యాజ్యెమునఁ గొట్టివేసెను. కులము, మతము, రాజకీయవిధేయత యనునవి యీ యధికారమునకు హేతువులు కారాదనియు, గవర్నరు చేసినదానినిసయితము న్యాయస్థానము పరీక్షింపవచ్చుననియు నందుఁ దీర్మానించిరి. దోషి పక్షమునకు మంచి సేవకుఁడని కాగితములలో వ్రాయఁబడియుండుట యా వ్యాజ్యెములోని విశేషము. గురుపుత్త్రుఁ డనుమాటకు నేఁటి రూప మిది.

ఆతతాయి యను పదము చుట్టును దిరుగు వివాదమును వైయాకరణదృష్టితోఁ జూడవలసియున్నది. విస్తరింపఁబడిన శస్త్రముతోఁ బోవు శీలము గలవాఁడు ఆతతాయి. ఇందు ణిని ప్రత్యయము తాచ్ఛీల్యార్థమున వచ్చినది, అనఁగా నొకమాఱు చేసినదానిని గాక స్వభావమును జెప్పును. అయితే మనువు, ఆతతాయి గురువైనను, బాలుఁడైనను, బ్రాహ్మణుఁడైనను విచారింపక చంపవచ్చునని యనుమతించుచోట నా పదమునకు ఆయాంతమ్ అను విశేషణ మొకటి చేర్చెను. అది శతృప్రత్యయాంతము, వర్తమానకాలము దాని యర్థము. మీఁదికి వచ్చుచున్నవానిని జంపవచ్చునని తాత్పర్యము. త్రాటఁ గట్టఁబడి తలవంచి నిలిచినవాఁడు వచ్చుచున్నవాఁడు కాఁడు. కావున భీముఁడు పట్టుకొన్న ధర్మ మాత్మరక్షణకుఁ జెప్పినదే కాని, పట్టువడినవాని దండనమునకుఁ జెప్పినది కాదు. ణినిని జూచినవాఁడు స్వభావము మాఱదనును. శతృను జూచినవాఁడు పని యాఁగినదనును. చెఱసాలల మంత్రాలోచనసంఘములు నేఁడు తీర్చలేక తన్నుకొనుచున్న చిక్కు సరిగా నీ రెండు ప్రత్యయముల నడుమనే యున్నది.

భీముఁడు పైఁబడఁగా ద్రౌపది యడ్డము దూఱెను. అప్పుడు కృష్ణుఁడు చతుర్భుజుఁడై రెండుచేతుల భీముని నాఁపి, రెండుచేతుల ద్రౌపదిని దొలఁగించెనని పోతన వ్రాసెను. మూలమునఁ జతుర్భుజుఁడను మాట మాత్రమే కలదు. దానికి శ్రీధరుఁడు వ్రాసిన వ్యాఖ్యను బోతన కథలోఁ గలుపుకొనెను. ఇది కేవలము వినోదము గాదు. చంపు మనువానిని మాత్రమే కాక విడువు మనుదానిని సయితము స్వామి యాఁపుచున్నాఁడు. బాధితుల కోపమును గాని బాధితుల క్షమను గాని యట్లే తీర్పుగాఁ గొనఁడు. ఇద్దఱి మాటయు వినును, ఇద్దఱిని దొలఁగించును, నవ్వును, పిదపఁ దీర్పు చెప్పును: బ్రాహ్మణుఁడు వధ్యుఁడు గాఁడు, ఆతతాయి వధ్యుఁడు, రెండును నేను జెప్పినవే, రెండును నెఱవేర్పుమని యర్జునునితో ననును. అర్జునుఁడు వెండ్రుకలతోఁగూడ శిరోమణిని గోసి, కట్లు విప్పి, శిబిరమునుండి వెడలఁగొట్టెను. తలగొఱుగుట, ధనము గొనుట, చోటునుండి తఱుముట యనునవియే వధమని భాగవతము. మనుస్మృతి సయితము బ్రాహ్మణునకుఁ బ్రాణాంతదండమునకు మాఱుగా ముండనముం జెప్పుచున్నది. కాని దేశమునుండి వెడలఁగొట్టునపుడు ధనమును ముట్టవలదనుచున్నది. భాగవతకారుఁడు ధనము నూడఁదీయుమనుటచే దండము పెరిగినది. ఆ మణి యాఁకటిని, శస్త్రభయమును బోఁగొట్టునదని భారతము చెప్పును. దానిని గోల్పోయినవాఁడు ప్రాణముతోఁ బోయెనే కాని, వచ్చినట్లు పోలేదు.

ఇచ్చటనే పాఠములు నిలిచిపోవుచున్నవి. వెంటనే వచ్చు కథయందుఁ గృష్ణుఁడు ద్వారకకుఁ బయనమగుచుండఁగా నుత్తర పరుగెత్తివచ్చి, మండుచున్న యమ్ము నా మీఁదికి వచ్చుచున్నది, నేను బోయిన బోనిమ్ము, గర్భమును గాపాడుమని మొఱపెట్టును. పాండవులను నిర్మూలింప నశ్వత్థామ వేసిన బ్రహ్మాస్త్ర మది. విడువఁబడినవాఁడు పసివాండ్రతోఁ దనివిచెందక గర్భస్థుని మీఁదికి వచ్చెను! ణినిప్రత్యయమే గెలిచినది. భారతములోఁ గథాక్రమ మిట్లు లేదు. సౌప్తికపర్వమున ద్రౌపది ప్రాయోపవేశము చేసి, వానిని జంపి శిరోమణిని దెచ్చిననే లేచెదనని పట్టుపట్టును. గంగాతీరమున వ్యాసునిచెంత వాఁడు చిక్కును. ఉపసంహరింపలేని యస్త్రమును గర్భములమీఁదికిఁ ద్రిప్పును. ఆ పిదపనే మణి నిచ్చును. కృష్ణుఁడు మూఁడువేలయేండ్లు తోడులేక, మాటాడువారు లేక తిరుగుమని శపించును. తిక్కన యీ త్రోవనే పోయెను. మనుమసిద్ధి కొలువున మంత్రియై దండనీతిని దినదినము చేతఁబట్టిన యాతని కీ క్రమమే తగియున్నది: నేరమంతయు ముగిసినపిమ్మట శిక్ష. భాగవతము దానిని దలక్రిందుగాఁ ద్రిప్పినది: శిక్ష, విడుదల, మరల నేరము. విడుదలను గొనియాడఁదలఁచిన పురాణము తన వాదమునకే విరుద్ధమైన సాక్ష్యమును దానే తెచ్చి ముందుంచుట సామాన్యసాహసము గాదు.

అట్లయ్యు ద్రౌపది, తాను విడువుమన్నందుకు వగచినట్లు మూలమునఁ గాని తెనుఁగునఁ గాని యొక్క మాటయు లేదు. భీముఁడును, నేను జెప్పలేదా యనఁడు. ఇందుకుఁ గారణము కథలోనే యున్నది. విడుదలకుఁ దీర్పు చెప్పినవాఁడే చక్రమును బంపి పాండవులను గాచెను. యోగమాయచే నుత్తరగర్భమును గప్పెను. విడిచినవానికిఁ గావలి భారము తప్పదు. మొన్నటి సంతకముతోఁ దన పని తీఱెనని కృష్ణుఁడు ద్వారకకుఁ బోయియుండినచోఁ బరీక్షిత్తు లేఁడు, భాగవతశ్రవణము లేదు.

ప్రాచీనులు బందివిమోచనమును బండువుగా నెంచిరి. అశోకుఁ డిరువదియాఱేండ్ల పాలనలో నిరువదియైదుమాఱులు బందీలను విడిచితినని యైదవ స్తంభశాసనమునఁ జెప్పుకొనెను. కౌటిల్యుఁడు రాజు జన్మనక్షత్రమునఁ బూర్ణిమలయందు విడువుమనెను. విడువఁదగినవారు బాలురు, వృద్ధులు, రోగులు, దిక్కులేనివారని చెప్పెను. రఘువు పుట్టినపుడు దిలీపుఁడు విడుతమన్నఁ జెఱలో నెవ్వఁడును లేకుండెనని కాళిదాసుఁడు చమత్కరించెను. నేఁడును జనవరి 26, ఆగస్టు 15 తేదీలకు రాష్ట్రప్రభుత్వము లట్టి యుత్తరువులు వెలువరించుచున్నవి. తిరువూరువంటి సరిహద్దుటూరివారి కిందలి వింత సులభముగాఁ దెలియును. తిరువూరు దాఁటి కొలఁదిదూరము పోయినఁ దెలంగాణము. 2014నుండి రెండు ప్రభుత్వములు, రెండుత్తరువులు. ఒకే నిబంధనచే నొకే శిక్ష పొందిన యిరువురిలో నీవలి న్యాయస్థానమున శిక్షపడినవాని కొక నియమము, ఆవలివాని కింకొకటి. 2022 ఆగస్టు 15వ తేదీని గుజరాతులో విడువఁబడిన పదునొకండ్రు దోషులను, శిక్ష విధించినది మహారాష్ట్రమందలి న్యాయస్థానము గావున గుజరాతున కధికారము లేదని 2024 జనవరి 8వ తేదీని సుప్రీముకోర్టు మరలఁ జెఱకుఁ బంపినది. ఆ వ్యాజ్యెమునఁ గోర్టు తలుపు తట్టినవారిలో నపకారము పొందిన తల్లియు నొకతె. ద్రౌపది నడిగినపిదప విడిచిరి. ఈమె విడిచినపిదపఁ గోర్టును నడుగవలసివచ్చెను.

ఇట్టివానిని జూచి, ఘోరహత్య చేసినవారి నెన్నఁడును విడువరాదను వారు గలరు. 1993 మార్చి 8వ తేదీని చిలకలూరిపేట బస్సుదహనమున నిరువదిముగ్గురు చచ్చిన పిదపఁ దెలుఁగుదేశమున నా మాట గట్టిగా వినఁబడినది. ఆ దోషులగు నిద్దఱి మరణదండనను 1998లో రాష్ట్రపతి యావజ్జీవముగా మార్చినపుడు పక్షములు రెండై చీలినవి. ఎన్నఁడును అను నవ్యయమును భాగవత మంగీకరింపదు. మూఁడవ యవస్థ యొకటి కలదు. అది పాఠశాలవఱకు రాలేదు. అష్టమస్కంధమున రాఁబోవు మన్వంతరములను జెప్పుచు, సావర్ణిమనువు కాలమున సప్తర్షులయ్యెడివారిలోఁ బరశురామునితో, వ్యాసునితో, మేనమామ యగు కృపునితోఁగూడ నశ్వత్థామ పేరును బురాణకర్త చేర్చెను. ద్రౌపది విడిచిన దినమునకును, ఋషిపంక్తిలోఁ జేరు దినమునకును నడుమ నున్న కాలము మన్వంతరములతోఁ గొలువఁదగినది. పాఠ్యసంకలనములు కూర్చువారు ద్రౌపది యభియోగపద్యములను, ఉత్తర మొఱను, ఈ యష్టమస్కంధవాక్యమును నొక్కచోటఁ గూర్చి ముద్రించినచోఁ బుట లింకొక రెండు మూఁడు పెరుగును.